ఒక మాటను నేర్చుకుందాం: ‘బైట్’

ఎనిమిదో తరగతి పిల్లలను ‘బైట్’ అంటే ఏమిటని అడిగితే ‘కరచుట’ అని తడుముకోకుండా చెబుతారు. అదే పిల్లలను ‘నన్ను దోమ కుట్టింది’ అనే వాక్యం ఇంగ్లీషులో చెప్పమంటే సగం మంది ఆగిపోతారు. ఒకరు ‘స్టిచ్’ అంటారు, ఇంకొకరు ‘స్టింగ్’ అంటారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లవాడు ‘కట్’ అంటాడు. తరగతి నవ్వుతుంది. ఆ నవ్వు విన్న పిల్లవాడు ఆ ఏడాదంతా మళ్ళీ నోరు తెరవకపోవచ్చు.

ఆ పిల్లలు బుర్రలేని వాళ్ళు కారు. ‘ఇంగ్లీషు మాటకు ఒక తెలుగు మాట’ అని మనం నేర్పిన పద్ధతే వాళ్ళను అక్కడ ఆపింది. మాటకు అర్థం ఒక్కటే ఉండదు. అది ఏ మాటల పక్కన కూర్చుంటుందో, ఏ సందర్భంలో వస్తుందో దాన్నిబట్టి అర్థం మారుతుంది. ఈ సంగతిని చూపించడానికి అందరికీ తెలిసిన ఒక చిన్న మాటను తీసుకుని, నాలుగు వైపుల నుంచీ పరిశీలిద్దాం.

మూడు భాషలు, మూడు చూపులు

మన పిల్లల్లో చాలామందికి ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. ఈ మూడు భాషలూ కాటును మూడు రకాలుగా చూస్తాయి.

ఉర్దూలో ‘కాట్నా’ అంటే కోయడం. బట్ట కోసినా, జుట్టు కత్తిరించినా ‘కాట్నా’యే. కుక్క కరిచినా, దోమ కుట్టినా, పాము కాటు వేసినా అదే మాట. కాలక్షేపం చేస్తే ‘వక్త్ కాట్నా’. అంటే ఉర్దూ ఆ పనిలో కత్తిని చూస్తుంది. అందుకే పిల్లవాడు ‘ద డాగ్ కట్ మి’ అంటాడు. వాడి మనసులో ‘కుత్తే నే కాటా’ అనే వాక్యం ఉంది. దాన్ని వాడు నిజాయితీగా ఇంగ్లీషులోకి తెచ్చాడు.

తెలుగు సూదిని చూస్తుంది. దర్జీ బట్ట కుడతాడు, కంసాలి చెవులు కుడతాడు, దోమా, చీమా, తేలూ, తేనెటీగా కుడతాయి. సన్నగా దిగేదేదైనా మనకు ‘కుట్టడమే’. పళ్ళతో గట్టిగా పట్టేవి, అంటే కుక్క, కోతి వంటివి, కరుస్తాయి. పాము కరుస్తుంది, కాటు వేస్తుంది కూడా. జామకాయను, గోళ్ళను మనం కొరుకుతాం. ఎలుక కూడా కొరుకుతుంది. ఒక్క ఇంగ్లీషు మాట ఉన్న చోట మనకు ఇన్ని మాటలున్నాయి. తెలుగు పేద భాష అనుకునే పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పాలి.

ఇంగ్లీషు మాత్రం ఆ పని ఏ అవయవంతో జరిగిందో చూస్తుంది. నోటితో చేస్తే ‘బైట్’. ఒంటి చివర ఉండే కొండితో, ముల్లుతో పొడిస్తే ‘స్టింగ్’. కుక్క, పాము, దోమ, చీమ, నల్లి నోటితో చేస్తాయి కాబట్టి ‘బైట్’. తేలు, తేనెటీగ, కందిరీగ వెనుక భాగంతో పొడుస్తాయి కాబట్టి ‘స్టింగ్’. దోమకు మన పళ్ళలాంటివి లేవు. అయినా అది రక్తం పీల్చేది నోటి గొట్టంతోనే. పీల్చేది ఆడదోమ మాత్రమే. కోడి ముక్కుతో పొడిస్తే ‘పెక్’. ఎలుక అదే పనిగా కొరుకుతూ ఉంటే ‘నా’ అంటారు. దాని స్పెల్లింగు ముందు ‘జి’ ఉంటుంది, పలకదు.

‘నోరైతే బైట్, తోకైతే స్టింగ్.’ ఈ ఒక్క వాక్యం నల్లబల్ల మీద రాస్తే చాలు. పిల్లలు దోమను, తేలును ఇక ఎన్నడూ కలిపెయ్యరు. ‘కట్’ అన్న పిల్లవాడికీ, ‘స్టిచ్’ అన్న పిల్లకూ వాళ్ళు ఎక్కడినుంచి ఆ మాట తెచ్చారో చూపిస్తే సిగ్గుపడరు, ఆసక్తిగా వింటారు.

ఆస్పత్రిలో మాట తప్పితే

మాట తప్పితే పరీక్షలో మార్కు పోతుంది. ఆస్పత్రిలో అయితే అంతకన్నా ఎక్కువే పోవచ్చు.

కొన్ని పల్లెల్లో పాము పేరెత్తడానికి భయపడి ‘పురుగు ముట్టింది’ అంటారు. ఊరి డాక్టరుకు ఆ మాట అర్థమవుతుంది. కానీ మన పిల్లలు చదువుకో, పనికో వేరే రాష్ట్రం వెళ్ళినప్పుడు దాన్ని మాటకు మాట ఇంగ్లీషులోకి మారిస్తే ‘ఇన్‌సెక్ట్ టచ్‌డ్’ అవుతుంది. విన్న డాక్టరు ఏ పురుగో పాకిందనుకుంటాడు. కట్లపాము విషయంలో ఇది మరీ ప్రమాదం. అది తరచుగా రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది. నొప్పీ, వాపూ పెద్దగా ఉండకపోవచ్చు. గాటు కూడా సరిగా కనిపించకపోవచ్చు. అలాంటప్పుడు డాక్టరుకు దారి చూపేది మన నోటి మాటే. ‘స్నేక్ బైట్’ అనే రెండు మాటలు చాలు. ఆలస్యం లేకుండా విషానికి విరుగుడు మందు ఇవ్వగల ఆస్పత్రికి చేరడం, ఈ రెండు మాటలు స్పష్టంగా చెప్పడం ముఖ్యం.

కుక్కకాటు సంగతీ అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ జంతువు తాకిడిని మూడు తరగతులుగా విడదీసింది. ఆ విభజన చదివితే అది అచ్చంగా ఒక పదకోశ పాఠంలా ఉంటుంది. గాయంలేని చర్మాన్ని జంతువు నాకితే, అది ‘లిక్’, మొదటి తరగతి. బట్ట అడ్డంలేని చర్మాన్ని పళ్ళతో మెల్లగా కొరికితే ‘నిబుల్’, రక్తం రాకుండా గీరితే ‘స్క్రాచ్’. ఈ రెండూ రెండో తరగతి. పన్ను చర్మంలోకి దిగిన ‘బైట్’, రక్తం వచ్చిన ‘స్క్రాచ్’, తెగిన చర్మం మీద ‘లిక్’ మూడో తరగతి. మొదటి దానికి కడుక్కోవడం చాలు. రెండో దానికి టీకా కావాలి. మూడో దానికి టీకాతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాలి. ‘కుక్క ఊరికే అలా పట్టిందండీ’ అని తేలిక చేసి చెబితే అవసరమైన మందు అందకపోవచ్చు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం.

కుక్కకాటు ఎలాంటిదైనా ముందు సబ్బుతో, ధారగా పారే నీటితో పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసరు పెట్టకూడదు. ఆ వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. మేము ఈ మాటను తరగతిలో చెప్పేటప్పుడు ఈ పాఠాన్ని కూడా కలిపి చెబుతాము. 1885 జూలై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ కుక్క కరిచిన తొమ్మిదేళ్ళ జోసెఫ్ మైస్టర్‌కు టీకా వేయించి బతికించిన కథ చెబితే పిల్లలు ‘బిటెన్’ అనే రూపాన్ని జన్మలో మరచిపోరు.

రూపాలు, వాక్యం

బైట్, బిట్, బిటెన్. ఇవి మూడు రూపాలు. ‘బైటెడ్’ అనే మాట లేదు. దాచడం అనే అర్థమున్న హైడ్, హిడ్, హిడెన్ ఇదే బాటలో నడుస్తుంది. రెంటినీ జంటగా నేర్పితే సులువు.

పలకడంలో ఒక జాగ్రత్త ఉంది. ‘బిట్’లో ఇకారం పొట్టిది. దాన్ని సాగదీస్తే ‘బీట్’ అవుతుంది. ‘ద డాగ్ బిట్ మి’ అంటే కుక్క కరిచింది. ‘ద డాగ్ బీట్ మి’ అంటే కుక్క నన్ను కొట్టింది లేదా ఓడించింది! ‘పలక’కూ ‘పాలక’కూ తేడా తెలిసిన తెలుగు పిల్లలకు హ్రస్వదీర్ఘాల సంగతి వివరించడం కష్టం కాదు.

వాక్యంలో ‘టు’ అక్కరలేదు. ‘బిట్ టు మి’ అనరు, ‘బిట్ మి’ అంటారు. ఎక్కడ కరిచిందో చెప్పాలంటే ‘బిట్ మి ఆన్ ద లెగ్’ అనాలి.

ఇక కర్మణి ప్రయోగం. ‘నేను కుక్కచేత కరవబడ్డాను’ అని తెలుగులో ఎవరూ ఏడవరు. ‘కుక్క కరిచింది’ అనే ఏడుస్తారు. ఇంగ్లీషులో మాత్రం ‘ఐ వాజ్ బిటెన్ బై ఎ డాగ్’ అనేది నిత్యం వాడే సహజమైన వాక్యం. దెబ్బ తిన్నవాడిని ముందు నిలబెట్టి చెప్పడం ఆ భాషకు అలవాటు. వ్యాకరణ పాఠంలో కృతకమైన తెలుగును కంఠస్థం చేయించే బదులు ఈ తేడాను చెబితే, కర్మణి ప్రయోగం ఎందుకుందో పిల్లలకు తెలుస్తుంది.

పుట్టుక, చుట్టాలు

ఈ మాట పాత ఇంగ్లీషులో ‘బీటన్’. జర్మన్ భాషలో దీని తోబుట్టువు ‘బైసెన్’. ఇంకా వెనక్కి వెళితే చీల్చడం అనే అర్థమున్న ఒక ప్రాచీన ధాతువు కనిపిస్తుంది. సంస్కృతంలో ‘భిద్’ అనే ధాతువు ఆ మూలం నుంచి వచ్చినదే. భేదం, భేదించడం, అభేద్యం అని మనం రోజూ వాడే మాటలకు మూలం ఈ ‘భిద్’. కోటగోడను భేదించిన సైన్యానికీ, జామకాయ కొరికిన పిల్లవాడికీ మాటలో చుట్టరికం ఉందన్నమాట.

ఇంగ్లీషులో దీని దగ్గరి చుట్టాలు ఇంకా ఉన్నారు. కొరికిన ముక్క ‘బిట్’. నాలుకను కరిచినట్లుండే రుచి ‘బిటర్’, అంటే చేదు. గుర్రం నోట్లో కళ్ళెంతో ఉండే ఇనుప కడ్డీ కూడా ‘బిట్’. చేపకు వేసే ఎర ‘బెయిట్’. దీని అసలు అర్థం ‘కరిచేలా చేయడం’. మన వ్యాకరణంలో కరచు, కరిపించు ఎలాగో, అక్కడ బైట్, బెయిట్ అలాగ. పెంకు పురుగును ‘బీటిల్’ అంటారు. దానికి ‘కొరికేది’ అని అర్థం.

‘బిట్’ మన ఊళ్ళలోకి ఎప్పుడో వచ్చింది. పదో తరగతి చదివిన ప్రతి ఒక్కరికీ బిట్ పేపరు తెలుసు. స్థలాల బేరంలో ‘సింగిల్ బిట్టు’ అన్న మాట వినని వారుండరు. వడ్రంగి డ్రిల్లుకు బిగించేదీ బిట్టే. కంప్యూటర్ ‘బిట్’ సంగతి వేరు. అది ‘బైనరీ డిజిట్’ అనే రెండు మాటలను కుదించగా వచ్చింది. 1948లో క్లాడ్ షానన్ తన ప్రసిద్ధ వ్యాసంలో దీన్ని వాడి, పేరు పెట్టిన ఘనత జాన్ టూకీదని చెప్పారు. కంప్యూటర్ ‘బైట్’ మాత్రం మన ‘బైట్’ నుంచే వచ్చింది. 1956లో ఐబీఎం సంస్థలో వెర్నర్ బుకోల్జ్ ఈ పేరు పెట్టారు. ‘బిట్’తో పొరపడకుండా స్పెల్లింగులో ‘ఐ’ బదులు ‘వై’ పెట్టారు. నేడు ఒక బైట్ అంటే ఎనిమిది బిట్లు.

పళ్ళు లేని కాట్లు

మాట పెద్దదయ్యేకొద్దీ పళ్ళు లేని చోట కూడా కరుస్తుంది. చలిగాలి ‘బైటింగ్ విండ్’. మనం ‘ఎముకలు కొరికే చలి’ అంటాం. రెండు భాషలూ ఒకే చోట కలిశాయి. గడ్డకట్టే చలిలో వేళ్ళు, ముక్కు చచ్చుబడి దెబ్బతినడం ‘ఫ్రాస్ట్‌బైట్’. సియాచిన్ వంటి మంచు ప్రాంతాల్లో కాపలా కాసే సైనికులకు పొంచి ఉండే ప్రమాదం ఇది. పన్నులు, ధరలు జనాన్ని బాధించడం మొదలైతే అవి ‘బైట్’ చేస్తున్నాయంటారు. మన పత్రికలు ‘కరోనా కాటు’ అన్నట్టే ఇదీ.

కొత్త చెప్పు కరిస్తే మనం ‘షూ బైట్’ అంటాం. ఇది భారతీయ ఇంగ్లీషు. తెలుగులో చెప్పు కరుస్తుంది, ఉర్దూలో జూతా కాటుతుంది, కాబట్టి మన ఇంగ్లీషులో బూటు బైట్ చేసింది. ఇంగ్లండులో అయితే బూటు ‘పించ్’ చేసిందనో ‘రబ్’ చేసిందనో అంటారు. దీన్ని తప్పని కొట్టివేయనక్కరలేదు. మన దేశంలో అందరికీ అర్థమవుతుంది. బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడు మార్చుకుంటే చాలు.

టీవీ విలేకరి ‘ఒక బైట్ ఇవ్వండి సార్’ అంటాడు. అది ‘సౌండ్ బైట్’. పెద్ద ప్రసంగంలోంచి కొరికి తీసిన చిన్న ముక్క. ‘లెట్స్ హావ్ ఎ బైట్’ అంటే ఏదైనా కొంచెం తిందామని. చొక్కా కొంగు కప్పి కొరికి, స్నేహితుడికి సగం ఇచ్చే మన కాకెంగిలికి మాత్రం ఇంగ్లీషులో మాట లేదు. అలాంటి చోట పిల్లలనే వివరించి చెప్పమనాలి. మంచి అభ్యాసం అవుతుంది.

జాతీయాలు: కలిసేవి, మోసం చేసేవి

కొన్ని జాతీయాలు అచ్చుగుద్దినట్టు కలుస్తాయి. ‘బైట్ ద డస్ట్’ అంటే మట్టి కరవడం, ఓడిపోవడం లేదా నేలకూలడం. ‘బార్కింగ్ డాగ్స్ సెల్డమ్ బైట్’ అంటే మొరిగే కుక్క కరవదు.

కొన్నింటికి భావం ఒకటే, బొమ్మ వేరు. ‘వన్స్ బిటెన్, ట్వైస్ షై’ అంటే ఒకసారి కాటు తిన్నవాడు రెండింతలు జంకుతాడని. ఉర్దూలో ‘సాంప్ కా కాటా రస్సీ సే డర్తా హై’, పాము కరిచినవాడు తాడుకూ భయపడతాడు. ‘బైట్ ద హ్యాండ్ దట్ ఫీడ్స్ యూ’కు మనం ‘తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం’ అంటాం. ‘బైట్ ఆఫ్ మోర్ దాన్ యూ కెన్ చ్యూ’ అంటే నమలగలిగినదానికన్నా పెద్ద ముక్క కొరకడం, అంటే తలకు మించిన పని నెత్తిన వేసుకోవడం.

మోసం చేసేది ఒకటుంది. తెలుగులో ‘నాలుక కరుచుకున్నాడు’ అంటే నోరు జారాక ‘అయ్యో’ అనుకున్నాడని. ఇంగ్లీషులో ‘బిట్ హిజ్ టంగ్’ అంటే అనవలసిన మాటను అనకుండా ఆపుకున్నాడని. ఒకటి మాట వచ్చాక, ఇంకొకటి మాట రాకముందు. ఈ తేడా తెలియకపోతే కథ మొత్తం తలకిందులవుతుంది.

‘బైట్ ద బులెట్’ అంటే తప్పించుకోలేని బాధను పళ్ళ బిగువున భరించడం. తూటా అనగానే మన చరిత్రలో తూటాను నిజంగానే కొరకవలసి వచ్చిన సందర్భం గుర్తుకు రావాలి. 1857లో కొత్త ఎన్‌ఫీల్డ్ తుపాకీకి వాడే తూటా కాగితం కొసను పళ్ళతో కొరికి తెరవాలి. దానికి ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న మాట సిపాయిల్లో వ్యాపించింది. హిందువులకూ ముస్లిములకూ అది ఒకేసారి అవమానమైంది. ఏప్రిల్ 24న మీరట్‌లో 85 మంది అశ్విక సైనికులు ఆ తూటాలను ముట్టలేదు. వారిని సంకెళ్ళు వేసి జైలుకు పంపారు. మే 10న మీరట్‌లో తిరుగుబాటు మొదలైంది. కొరకకుండా చేత్తో చింపవచ్చని కవాతు పద్ధతిని మార్చినా అప్పటికే నమ్మకం పోయింది. చరిత్ర పాఠంలో ‘బైట్ ద కార్ట్‌రిడ్జ్’ అని చదివేటప్పుడు ఈ సంగతి చెబితే, రెండు పాఠాలూ ఒకేసారి పూర్తవుతాయి.

ఇంట్లో చేయదగిన అభ్యాసం

కింది వాక్యాల్లో ఏ మాట రావాలో పిల్లలను అడగండి.

1. తేలు కుట్టింది.
2. చీమ కుట్టింది.
3. కోడి చేతిని పొడిచింది.
4. ఎలుక తాడును కొరికి తెంపింది.
5. నన్ను కోతి కరిచింది (కర్మణిలో చెప్పాలి).
6. కోపం వచ్చినా ఏమీ అనకుండా ఆపుకున్నాడు.

జవాబులు: 1. స్టింగ్ (భూతకాలంలో స్టంగ్). 2. బిట్. 3. పెక్‌డ్. 4. నాడ్. 5. ఐ వాజ్ బిటెన్ బై ఎ మంకీ. 6. బిట్ హిజ్ టంగ్.

ఏ కొత్త మాట వచ్చినా ఐదు ప్రశ్నలు వేసే అలవాటు చేయండి. దీన్ని ఇంట్లో మనం ఏమంటాం? వీధిలో ఏమంటాం? ఆ రెంటికీ దీనికీ తేడా ఎక్కడుంది? దీని వెంట ఏ మాటలు వస్తాయి? నీ సొంత వాక్యం ఏది? ‘కట్’, ‘రన్’, ‘బ్రేక్’ వంటి మాటలతో మొదలుపెట్టవచ్చు. వారానికి ఒక్క మాట చొప్పున చేసినా ఏడాదికి యాభై మాటలు వేళ్ళతో సహా పిల్లల సొంతమవుతాయి.

దీనికి ఇంగ్లీషు రాని తల్లిదండ్రులు కూడా పనికివస్తారు. మొదటి రెండు ప్రశ్నలకు జవాబు చెప్పగలిగేది వారే. పిల్లల చేతికి నిఘంటువు కొని ఇచ్చే పెద్దమనసు మన సమాజంలో ఎందరికో ఉంది. ఆ పుస్తకం అలమరలో కొత్తగానే మిగిలిపోకుండా ఉండాలంటే, దాన్ని తెరిచి పిల్లల పక్కన పది నిమిషాలు కూర్చునే మనిషి కూడా కావాలి. వీలైనవారు ఆ పది నిమిషాలూ ఇవ్వాలని మా మనవి. ‘కట్’ అన్న పిల్లవాడిని చూసి ఎవరూ నవ్వకుండా, ‘ఇంట్లో ఏమంటారు బాబూ?’ అని అడిగేవారు ఒక్కరున్నా వాడు మళ్ళీ నోరు తెరుస్తాడు.